భూమవ్వ షుగర్ కాగితాలు

ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేశాను. చివరి పదేళ్లు షుగర్ పేషెంట్లతోనే గడిచాయి. ఈమధ్య మా అన్న కూతురు నర్సింగ్ పాసై, హైదరాబాదులో షుగర్ పేషెంట్లను సెల్‌ఫోన్ మీద చూసుకునే కంపెనీలో చేరింది. "అత్తా, మీ కాలంల కూడా గిట్లాంటి పని చేసినమంటివి గదా, జెర రాసియ్యి, నాకు పనికొస్తది" అని అడిగింది.

జీతం, ప్రమోషన్లు, యూనియన్ గొడవలు రాస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు, ఆ తప్పును బయటపెట్టిన ఒక మనిషి గురించి రాస్తాను. ఆ మనిషి పేరు భూమవ్వ. మోర్తాడ్‌లో బీడీలు చుట్టేది. చదువు రాదు. నాకు షుగర్ జబ్బు గురించి తెలిసిన దాంట్లో సగం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఫోన్ మీద షుగర్

రెండు వేలు దాటిన ఐదారేళ్లకు అనుకుంటాను, హైదరాబాదు నుంచి ఒక సంస్థ వాళ్లు మా దవాఖానకు వచ్చారు. అప్పటిదాకా మా పద్ధతి ఒకటే. పేషెంట్ నెలకోసారి వస్తాడు, రక్తం ఇస్తాడు, డాక్టరు గారు చీటీ రాస్తారు, వెళ్లిపోతాడు. పసుపు అమ్మడానికి మార్కెట్‌కు వచ్చిన రైతులైతే బస్తాలు దించి, కాంటా అయ్యేలోపు వచ్చి సూది పొడిపించుకుని పోయేవాళ్లు. నెలకు ఒక్క చుక్క రక్తం చూసి ఆ మనిషి ముప్ఫై రోజులు ఎలా ఉన్నాడో తెలిసిపోయిందని మేం అనుకునేవాళ్లం.

సంస్థ వాళ్లు చెప్పింది కొత్తగా ఉంది. పేషెంట్‌కే ఒక చిన్న మిషన్ ఇస్తారు. ఇంట్లోనే వేలు పొడుచుకుని షుగర్ చూసుకోవాలి. వారానికి మూడు రోజులు మాకు ఫోన్ చేసి అంకె చెప్పాలి. నేను దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించాలి. అంకె మంచిదైతే పచ్చ రంగు వస్తుంది, ఎక్కువైతే ఎరుపు. వారానికోసారి డాక్టరు గారు ఆ రంగులు చూసి మందు మారుస్తారు. అప్పటికి పల్లెల్లో సెల్‌ఫోన్లు ఇంకా తక్కువే. అయితే మా వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లున్న ఇళ్లకు అవి ముందే వచ్చేశాయి.

మొదట్లో పేషెంట్లకు మెసేజ్‌లు పంపేవాళ్లం. తెలుగు అక్షరాలు ఆ ఫోన్లలో కనిపించేవి కావు, అందుకని ఇంగ్లీషులో పంపాం. మొదటి వారమే దొంకేశ్వర్ నుంచి ఒక పెద్దమ్మ ఆటో మాట్లాడుకుని ఏడుస్తూ వచ్చింది. ఫోన్ నా చేతిలో పెట్టి, "దుబాయిల నా కొడుక్కేమైందో సూడు బిడ్డా" అంది. చూస్తే మా మెసేజే. 'రోజూ నడవండి' అని ఉంది. ఆ రోజుతో మెసేజ్‌లు మానేసి మాటలకే దిగాం.

మిషన్లు ఇచ్చిన రోజు మా దవాఖాన హాల్లో పెద్ద బల్ల వేసి పేషెంట్లను ఒకవైపు కూర్చోబెట్టాను. నేను అటువైపు నిలబడి, వేలు ఎలా పొడుచుకోవాలి, మిషన్‌లో పట్టీ ఎలా దూర్చాలి, చుక్క ఎలా అంటించాలి, అంతా చేసి చూపించాను. చదువొచ్చిన వాళ్లతో అంకె చెప్పించాను. రానివాళ్లకు, "ఇంట్ల ఎవరితోనన్న సదివించుకోండ్రి" అన్నాను. బాగానే నేర్పానని తృప్తిగా ఇంటికి వెళ్లాను.

కుర్చీ, దువ్వెన, చేతికర్ర

భూమవ్వకు అప్పుడు నలభై దాటాయి. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. భర్త లింగన్న మస్కట్‌లో కట్టడం పనిలో ఉండేవాడు. ఇంట్లో చూపు సరిగా లేని అత్త, ఈమె. మాత్రలతో షుగర్ తగ్గక డాక్టరు గారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. సిరంజి మీద ఎంతవరకు మందు తీయాలో గీత గీసి ఇచ్చేవాళ్లం. సూదుల సంగతి భర్తకు తెలియనివ్వొద్దని మొదటి రోజే నాతో ఒట్టు వేయించుకుంది. తెలిస్తే పని వదిలేసి వచ్చేస్తాడని ఆమె భయం. వాడకట్టులో ఇరుగుపొరుగు వాళ్లకు కూడా చెప్పలేదు.

ఆమె మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను మామూలుగా అడిగాను.

"ఎంతొచ్చింది భూమవ్వా?"

"నాకు సదువు రాదు గదా సిస్టరమ్మా."

"ఎవరితోనన్న సదివించు."

"ఎవ్వరికి సూపియ్య. నేనే జెప్త, నువ్వు రాస్కో. మొదాలు పామున్నది. దాని పక్కకు చేతికర్ర. గా పక్కకు ఒట్టి పుల్ల."

నాకు నవ్వొచ్చింది. ఆ మిషన్‌లో అంకెలు నున్నగా ఉండవు. చిన్న చిన్న పుల్లలు పేర్చినట్టు గీతలతో ఉంటాయి. ఆమె ఆ పుల్లల ఆకారం చూసి చెబుతోంది. పాము అంటే రెండు, చేతికర్ర అంటే ఏడు, పుల్ల అంటే ఒకటి. రెండు వందల డెబ్బై ఒకటి. అలా నాలుగైదు ఫోన్లలో మా ఇద్దరికీ ఒక భాష కుదిరింది. మూడు పళ్ల దువ్వెన అంటే మూడు. కుర్చీ అంటే నాలుగు. రెండు అరల పెట్టె అంటే ఎనిమిది. తలకాయ మీదుంటే తొమ్మిది, కడుపు కిందుంటే ఆరు. ఎదురు పాము అంటే ఐదు. ఒక్కసారి కూడా తడబడేది కాదు. నేను ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తెలివి ఆమెదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆమె అంకెలు మాత్రం దారికి రాలేదు. ఒకరోజు మూడు వందల నలభై ఒకటి. రెండు రోజులకు ఎనభై తొమ్మిది. మళ్లీ రెండు వందల డెబ్బై ఒకటి. డాక్టరు రాజేశ్వర్ గారు ఎరుపు రంగులు చూసి సిరంజి మీద గీతను పైకి జరిపించారు. నెల తిరక్కుండానే ఇంకోసారి జరిపించారు. నెలకోసారి దవాఖానకు వచ్చినప్పుడు మా ల్యాబ్‌లో ఆమె షుగర్ అంత ఎక్కువ ఉండేది కాదు. నేను ఆ మాట డాక్టరు గారితో అన్నాను కూడా. ఆయన నవ్వి, "ఇక్కడికి వచ్చే ముందు రోజు పథ్యం చేస్తారు సిస్టర్. ఇంటి దగ్గర అసలు రంగు బయటపడుతుంది" అన్నారు. నేను నమ్మాను. మా వృత్తిలో పేషెంట్ అబద్ధం చెబుతాడన్న మాట ఎవరన్నా, మేం చాలా తొందరగా నమ్ముతాం.

ఎనిమిది వందల అరవై ఒకటి

పసుపు తవ్వకాలు మొదలైన రోజులు. ఊళ్లల్లో పసుపు ఉడకబెడుతున్నారు. బీడీల పని తక్కువైన రోజుల్లో భూమవ్వ పసుపు కూలికి వెళ్లేది. ఒకరోజు ఫోన్ చేసింది.

"సిస్టరమ్మా, గియ్యాల రెండు తలకాయలొచ్చినయ్. రెండూ మీదనే ఉన్నయ్."

"తొంభై తొమ్మిది. మస్తు మంచిగుంది భూమవ్వా!"

"మంచిగున్నదా? మరి నాకు చేతులు వణుకుతున్నయ్. చెమట వడ్తున్నది. కండ్లకు మసకలొస్తున్నయ్."

"ఎండల పని చేస్తున్నవ్ గదా, నీరసం ఉంటది. సూది మాత్రం ఆపకు."

ఇలాంటి మాట ఆమె నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నేను తెరమీద పచ్చరంగు చూస్తూ ధైర్యం చెప్పాను.  చివరిసారి ఆమె నెమ్మదిగా, "మిషన్ మంచిగున్నదంటది, నా పానం మంచిగ లేదంటది. ఎవ్వరి మాట ఇనాలె సిస్టరమ్మా?" అంది.

"మిషన్ మాటనే ఇను" అన్నాను.

ఆ మాట అన్న గొంతు నాదే. 

ఆ తర్వాతి వారం ఆమె, "పెట్టె, కింద కడుపు, పుల్ల" అంది. రాసుకుని చూశాను. ఎనిమిది వందల అరవై ఒకటి. ఆ మిషన్ ఆరు వందలు దాటితే అంకె చూపించదు, ఎక్కువైందని ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తుంది. అంటే ఆ అంకె వచ్చే అవకాశమే లేదు.

"నిజంగ చూసినవా మిషన్ల?"

"సూసినంకనే జెప్తున్న."

"భూమవ్వా, గా మిషన్ల గంత అంకె రాదు. నువ్వు చూడకుంటనే ఏదో ఒకటి చెప్తున్నవ్. నెలలకెళ్లి నాతోని గిట్లనే అబద్ధాలు చెప్తున్నవా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె నుంచి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. కంప్యూటర్‌లో పేషెంట్ పేరు పక్కన 'సహకరించని రోగి' అని గుర్తు పెట్టే గడి ఒకటి ఉండేది. డాక్టరు గారు భూమవ్వ పేరుకు ఆ గుర్తు పెట్టించి, "మిషన్ వెనక్కి తీసుకురండి సిస్టర్, ఇంకెవరికైనా ఇద్దాం" అన్నారు.

మిషన్ కోసం వెళ్లిన రోజు

మధ్యాహ్నం మెట్‌పల్లి బస్సెక్కి మోర్తాడ్‌లో దిగాను. ఊరంతా ఉడికిన పసుపు వాసన. భూమవ్వ అప్పుడే కళ్లం నుంచి వచ్చినట్టుంది, చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. నన్ను చూసి చాప పరిచింది. చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. లోపలికి వెళ్లి, శుభ్రంగా ఉతికిన బట్టలో చుట్టిన మిషన్ తెచ్చి నా ముందు పెట్టింది. దాని పక్కనే ఒక కాగితాల కట్ట పెట్టింది. బీడీ కట్టకు కట్టినట్టే సన్న దారంతో బిగించి ఉంది.

"ఇవ్వి గుడ తీస్కపో. నాకేం పనికొస్తయ్" అంది.

"ఏంటివి?"

"నేను సూసినయే. అబద్ధమంటివి గదా."

దారం విప్పింది. పాత క్యాలెండర్ కాగితాలు. వెనకవైపు తెల్లగా ఉన్న చోట, పెన్నుతో, మిషన్‌లో కనిపించిన పుల్లల అంకెలు ఒక్కొక్కటిగా గీసి ఉన్నాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, అచ్చు వేశారేమో అనిపించింది. బీడీ ఆకు కత్తిరించడానికి కొలతగా పెట్టుకునే రేకు ముక్క ఉంటుంది కదా, దాన్నే ఆనించి గీతలు గీసిందట. రోజుకు వేల ఆకులు ఒక్క కొలతకు కత్తిరించే చెయ్యి అది. నాకు ఫోన్ చేసే రోజులే కాదు, చేయని రోజులవి కూడా ఉన్నాయి. ప్రతి అంకె పక్కన చిన్న చిన్న బొమ్మలు. బీడీ ఆకు పోసుకునే చాట బొమ్మ ఉంటే ఆ రోజు బీడీలు చుట్టింది. పసుపు కొమ్ము బొమ్మ ఉంటే కూలికి వెళ్లింది. గుండ్రాలు తిన్న రొట్టెలు. కొన్ని అంకెల పక్కన మాత్రం పెన్ను గట్టిగా నొక్కి పెట్టిన నల్లటి చుక్క.

ఆమె కాగితాన్ని తనవైపు పెట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా ఉన్నాను.

"గిదే నువ్వు అబద్ధమన్నది" అని ఒక అంకె మీద వేలు పెట్టింది.

చూశాను. నాకు స్పష్టంగా నూట తొంభై ఎనిమిది కనిపించింది.

"ఇది నూట తొంభై ఎనిమిది గదనే" అన్నాను.

"ఏమో, నాకేమెర్క. పెట్టె, కింద కడుపు, పుల్ల. గట్లనే జెప్పిన గద."

సంచిలోంచి నా పుస్తకం తీశాను. ఆ రోజు ఎదురుగా ఎనిమిది వందల అరవై ఒకటి అని రాసి ఉంది. మళ్లీ కాగితం చూశాను. నూట తొంభై ఎనిమిది. లేచి భూమవ్వ పక్కకు వెళ్లి కూర్చుని, ఆమె కళ్లతో చూశాను. ఎనిమిది వందల అరవై ఒకటి.

 ఆమె మిషన్‌ను తలకిందులుగా పట్టుకుంటోంది. తలకిందులు చేస్తే ఆరు తొమ్మిది అవుతుంది, తొమ్మిది ఆరు అవుతుంది, వరస వెనక్కి మారిపోతుంది. కుర్చీ ఎటు తిప్పినా కుర్చీయే, దువ్వెన దువ్వెనే, చేతికర్ర చేతికర్రే. అందుకే మా ఇద్దరి భాషలో తప్పు ఎక్కడా బయటపడలేదు. మూడు వందల నలభై ఒకటి అని నేను ఎక్కించింది నూట నలభై మూడు. రెండు వందల డెబ్బై ఒకటి అన్నది నూట డెబ్బై రెండు. ఆ అంకెలు చూసే మేం గీత పైకి జరిపి ఇన్సులిన్ పెంచాం. నా పుస్తకంలో ఆమె పెద్ద అంకెలు దాదాపు అన్నీ ఒకటితోనే ముగుస్తున్నాయి. పేజీ ఒక్కసారి పైనుంచి కిందికి చూసి ఉంటే చాలు, తెలిసేది. నేను రంగులు చూశాను, అంకెలు చూడలేదు.

నల్లచుక్కలున్న అంకెలు వెతికాను. నేను 'మస్తు మంచిగుంది' అన్న తొంభై తొమ్మిది నిజానికి అరవై ఆరు. ఎనభై తొమ్మిది అంటే అరవై ఎనిమిది. ఎనభై ఐదు అంటే యాభై ఎనిమిది. షుగర్ అంత కిందికి పడితే మనిషి వణుకుతాడు, చెమటలు పడతాయి, ఇంకా పడితే స్పృహ తప్పుతాడు. ఉడుకుతున్న పసుపు బాండీ పక్కన అలా పడిపోతే ఏమయ్యేదో నేను రాయలేను. నల్లచుక్కలన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, ఆ తక్కువ అంకెల పక్కనే ఉన్నాయి.

"ఈ చుక్కలేంది భూమవ్వా?"

"వణుకొచ్చిన రోజులవి. రెండు తలకాయలొచ్చినా, పెట్టె పక్కన తలకాయొచ్చినా నాకు వణుకొస్తది. కొమ్ములేరను పోయిన రోజు ఇంకింత జల్ది వస్తది. నాకెప్పుడో సమజైంది. నీకు జెప్తే మంచిగున్నదంటివి."

"మరి ఏం చేసినవ్?"

కొంగు ముడి విప్పి చూపించింది. బెల్లం ముక్క.

"నువ్వు చెప్పినట్లు సూది తీస్కున్న. పానం చెప్పినట్లు బెల్లం తిన్న."

 ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక కంప్యూటర్, ముగ్గురం కలిసి ఆమెను ప్రమాదంలోకి నెడుతుంటే, ఆమె ఒక పెన్ను, ఒక రేకు ముక్కతో తన జబ్బును తానే చదువుకుని, నెలల తరబడి తన ప్రాణం కాపాడుకుంది. మా మీద కోపంతో సూది మానేసిందా అంటే అదీ లేదు. మా మాట విన్నది, తన ఒంటి మాటా విన్నది. అలాంటి ఓపికను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు.

అక్కడికక్కడే షుగర్ చూడమన్నాను. వేలు పొడుచుకుంది. నేర్పిన రోజు నా చేతిలోని మిషన్, పట్టీ తనకు ఎదురుగా ఎటువైపు కనిపించాయో, ఇప్పుడూ అటే కనబడేలా పట్టుకుంది. అప్పుడు అర్థమైంది. నేర్పిన రోజు నేను బల్లకు అవతల నిలబడ్డాను. నాకు తిన్నగా ఉన్నది వాళ్లకు తలకిందులుగా కనిపించింది. భూమవ్వ చూసింది చూసినట్టు నేర్చుకుంది. తప్పు ఆమె నేర్చుకోవడంలో లేదు, నేను నిలబడ్డ చోట ఉంది.

మిషన్ తిప్పి చూశాను. అరవై ఆరు. ఆ బెల్లం ముక్క అప్పుడే ఆమె నోట్లో పెట్టించాను. అది కరిగేదాకా ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంచుకున్నాను.

"నన్ను మాఫ్ చెయ్యి భూమవ్వా. నువ్వు ఒక్క అబద్ధం చెప్పలే. తప్పు నాది."

ఆమె నా ముఖంలోకి చూసి, "నీది గాదు, నాది గాదు. గా డబ్బకు నెత్తి యాడున్నదో ఎవ్వలకెర్క?" అంది. అని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదటిసారి.

డాక్టరు గారు

ఆ సాయంత్రమే కాగితాలు తీసుకుని డాక్టరు గారి గదిలోకి వెళ్లాను. రాజేశ్వర్ గారు మంచి డాక్టరు, కోపిష్టి. పేషెంట్ మాట మధ్యలో తుంచేసే అలవాటు ఉండేది. నేను జరిగింది చెబుతుంటే మొదట నమ్మలేదు. కాగితాలు బల్లమీద పరిచి, ఒకసారి తిన్నగా, ఒకసారి తిప్పి చూశారు.  బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారని కాంపౌండర్ రెండుసార్లు తలుపు తట్టినా లేవలేదు.

"ఇరవై ఏళ్లుగా కేస్‌షీట్లు రాస్తున్నాను సిస్టర్," అన్నారు చివరికి, "పేషెంట్ ఏం పని చేశాడో, ఎన్ని రొట్టెలు తిన్నాడో, అప్పుడు ఒంట్లో ఎలా ఉందో ఒకే చోట ఉన్న కేస్‌షీట్ నేను ఒక్కటి కూడా రాయలేదు."

వెంటనే ఇన్సులిన్ సగానికి పైగా తగ్గించారు. పసుపు పనికి వెళ్లే రోజులకు వేరే గీత, బీడీలు చుట్టే రోజులకు వేరే గీత పెట్టించారు. ఆ రెండు గీతల ఆలోచన భూమవ్వ బొమ్మల్లోంచి వచ్చిందే. నెల తిరిగాక ఆమె దవాఖానకు వచ్చినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి, "కూర్చోమ్మా, ముందు నువ్వు చెప్పు" అన్నారు. ఆ మనిషి నోట ఆ మాట వినడం నాకు కొత్త.

ఆయన గురించి ఇంకొకటి చెప్పాలి. సంస్థ మేనేజర్ ఫోన్ చేసి, తప్పు అంకెలు రిపోర్టులోంచి తీసేద్దామన్నాడు. చూసేవాళ్లకు బాగుండదని అతని బాధ. డాక్టరు గారు ఒప్పుకోలేదు. "తీసేస్తే ఇంకో ఊళ్లో ఇంకో సిస్టర్ బల్లకు అవతల నిలబడి నేర్పిస్తుంది" అన్నారు. తప్పు ఒప్పుకునే పెద్దవాళ్లు మన వృత్తిలో తక్కువ. అలాంటివాళ్లు దొరికితే వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలి, వాళ్ల కోపాన్ని భరించి అయినా సరే.

బొట్టు బిళ్ల

ఆ వారం నుంచి మిషన్ ఇచ్చిన ప్రతి పేషెంట్ ఇంటికీ వెళ్లాను. ఇంకో ముగ్గురు తలకిందులుగానే చూస్తున్నారు. ముగ్గురూ చదువు రానివాళ్లే, ఎవరితోనూ చదివించకుండా భూమవ్వలాగే ఆకారాలు పోల్చి చెప్పేవాళ్లే. ముప్కాల్‌లో ఒక రైతుకైతే షుగర్ నిజంగానే ఎక్కువుంటే నేను తక్కువనుకుని కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

మిషన్‌కు ఏది పైనో గుర్తుపట్టడానికి ఏం చేయాలని మేం తలలు పట్టుకుంటే, భూమవ్వ తన నుదుటి బొట్టు బిళ్ల తీసి మిషన్ పైఅంచున అంటించింది.

"బొట్టు నొసలు మీదనే ఉంటది గద. బొట్టు మీదికుంటే మిషన్ తిన్నగున్నట్టు."

అంతే. మా పేషెంట్ల మిషన్లన్నిటికీ బొట్లు వచ్చాయి. మగవాళ్లు కూడా కాదనలేదు. నేర్పే పద్ధతి కూడా మార్చాను. బల్ల తీసేశాను. ఒక్కొక్కరి పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చుని, వాళ్ల చేత్తోనే చేయించేదాన్ని. ఒక్కొక్కరికి ఎక్కువసేపు పట్టేది. పట్టనీ.

మోర్తాడ్, చుట్టుపక్కల ఊళ్ల పేషెంట్లను భూమవ్వ దగ్గరికే పంపేదాన్ని. అప్పటికి ఆమె ఊళ్లో జబ్బు దాచుకోవడం మానేసింది, మస్కట్‌లోని భర్తకు మాత్రం చెప్పొద్దని అందరితో ఒట్టు వేయించుకుంది. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ముందు పెట్టుకుని ఆమె చుట్టూ కూర్చునేవాళ్లు. ఆకు కత్తిరిస్తూనే, ఎవరికి ఏ రోజు వణుకొచ్చింది, ఎవరు అన్నం ఎక్కువ తిన్నారు, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. నేను వెళ్తే నన్ను కూడా ఆ గుంపులో కూర్చోబెట్టేవాళ్లు. నేను వింటూ ఉండేదాన్ని. నాకంటే బాగా చెప్పేవాళ్లు అక్కడ నలుగురైదుగురు తయారయ్యారు.

బిడ్డా, నువ్వు పనిచేసే చోట తెరమీద రంగులు ఇంకా అందంగా ఉంటాయి. అంకెలు వాటంతటవే వస్తాయని విన్నాను. మంచిదే. కానీ తెర పచ్చగా ఉండి, అవతల మనిషి బాగాలేదంటే, ఆ ఫోన్ పెట్టెయ్యకు. ఆ మనిషి ఇంకో మాట చెప్పేదాకా ఆగు.

లింగన్న వచ్చాక

మూడు నాలుగేళ్ల తర్వాత, నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు, భూమవ్వ ఫోన్ చేసింది. "మా ఆయన వచ్చిండు సిస్టరమ్మా. గాయనకు గుడ షుగరున్నదట. కంపెనీల పరీక్ష చేసి ఇంటికి తోలిన్రు. ఒక్కపారి వచ్చిపో" అంది.

వెళ్లేసరికి లింగన్న మంచం మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఎండకు నల్లబడిన పెద్ద మనిషి. ఇన్నేళ్లు సూదుల సంగతి తనకు చెప్పలేదని భార్య మీద కోపం, ఉద్యోగం పోయిందన్న దిగులు, రెండూ ముఖంలో ఉన్నాయి.

"నాకేం షుగర్ లేదు. నేను మంచిగనే ఉన్న" అన్నాడు నాతో.

నేను ఏదో చెప్పబోయాను. భూమవ్వ చేత్తో నన్ను ఆపి, ఆయన పక్కనే మంచం మీద కూర్చుంది.

"మంచిగంటే ఎట్ల మంచిగ? నోరు ఎండుతున్నదా?"

"జెర."

"అరికాళ్లు?"

"తిమ్మిరి లెక్క ఉంటది. గది పనితోని."

"సరే. ఇప్పుడు నీ పానం ఎంతుంటదో చెప్పు. అంకె చెప్పు. నీకు సదువొచ్చు గద."

"సూడకముందే ఎట్ల చెప్తరు?"

"అందాజగ చెప్పు."

ఆయన విసుక్కుంటూ, "నూటిరవై" అన్నాడు. ఇన్నేళ్లలో అంకెల పేర్లు నేర్చుకున్న భూమవ్వ కాగితం తీసి ఆ అంకెను పుల్లల గీతలతో గీసింది. అప్పుడు ఆయన వేలు పొడిచి చుక్క అంటించింది. మిషన్ రెండు వందల ఎనభై ఆరు చూపించింది. ఆమె దాన్ని కూడా పక్కనే గీసి, రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీని వేలితో కొలిచి ఆయనకు చూపించింది.

"సూడు, నీ పానానికి నువ్వు ఎంత దూరమున్నవో. రేపు మళ్ల అడుగుత. ఎల్లుండి అడుగుత. రెండూ ఒక్క దగ్గరికొచ్చే దాంక రోజూ అడుగుత."

లింగన్న కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు.  భార్య గీసిన ఆ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటి తడిమాడు. "ఇన్ని దినాలు గిట్లనే రాస్కున్నవా నువ్వు? ఒక్కదానివే?" అన్నాడు.  భూమవ్వ లోపలి నుంచి తన పాత కాగితాల కట్ట తెచ్చి ఆయన ఒడిలో పెట్టింది.

ఆయన ఒక్కో కాగితం తిప్పుతున్నాడు. ఏ రోజు చాట, ఏ రోజు పసుపు కొమ్ము, ఏ రోజు నల్లచుక్క, ఆమె పక్కనే కూర్చుని చెబుతోంది. నేను వాళ్ల ఎదురుగా స్టూల్ మీద కూర్చుని ఉన్నాను. నా సంచిలో ఆహారం చార్టు, పాదాల సంరక్షణ కాగితం, కొత్త పేషెంట్‌కు చెప్పాల్సిన పన్నెండు విషయాల జాబితా ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు.

కాసేపటికి భూమవ్వ తలెత్తి నా వైపు చూసింది.

"నేనేమన్న ఇడిసిపెట్టిన్నా సిస్టరమ్మా? నువ్వు గుడ ఏమన్న చెప్పు."

"ఏం ఇడిసిపెట్టలే" అన్నాను.

లింగన్న పాదాలు నా ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో పుండ్లేమైనా ఉన్నాయేమో చూశాను. లేవు. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె కాగితం మీద రెండు పాదాలు గీసి, పక్కన నల్లచుక్క పెట్టకుండా వదిలేసింది.